మాస్టర్ స్వోర్డ్ లాగేశాక వెనక్కి రాలేమా? గుర్రం ఎపోనా పోయినట్టేనా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో. నింటెండో స్విచ్‌లో జెల్డా ఆట 'ఆకరీనా ఆఫ్ టైమ్' (లింక్ అనే కుర్రాడి కథ, ఆకరీనా అంటే వాడు ఊదే చిన్న వాయిద్యం) మొదటిసారి ఆడుతున్నారు. మూడు రాళ్ళూ సంపాదించి, టెంపుల్ ఆఫ్ టైమ్‌లో పాట వాయించి, తలుపు తెరిచి కత్తి లాగారు. ఏడేళ్ళు గడిచిపోయాయి, లింక్ పెద్దవాడైపోయాడు. బయటికొస్తే సంతంతా శ్మశానంలా ఉంది. రాంచ్‌లో మాలన్ అనే అమ్మాయి దగ్గర గుర్రాన్ని పిలిచే పాట నేర్చుకోలేదు, మ్యాజిక్ గింజలు కొనలేదు. కత్తిని తిరిగి పీఠంలో పెడదామంటే ఏ బటన్ నొక్కినా కుదరడం లేదు. పైగా సేవ్ కూడా చేసేశారు. "మొదటి నుంచి ఆడాలా?" అని అడుగుతున్నారు.

అక్కర్లేదు. మీరు వదిలేసినవి ఏవీ పోలేదు. మళ్ళీ చిన్నపిల్లాడిగా మారొచ్చు, ఆ తర్వాత ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు అటూ ఇటూ తిరగొచ్చు. కాకపోతే ఇప్పుడే కాదు. ముందు ఫారెస్ట్ టెంపుల్ పూర్తి చేయాలి. చేశాక టెంపుల్ ఆఫ్ టైమ్‌కి తిరిగొస్తే, కత్తి లాగాక కనిపించిన ముసుగు మనిషి షీక్ ఎదురై 'ప్రెల్యూడ్ ఆఫ్ లైట్' పాట నేర్పిస్తాడు, కత్తిని పీఠంలో పెడితే ఏడేళ్ళు వెనక్కి వెళ్ళొచ్చని చెబుతాడు. ఆ పాట వచ్చేదాకా పీఠం పనిచేయదు. మీ సేవ్‌లో, మీ కంట్రోలర్‌లో తేడా ఏమీ లేదు.

ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, విశాఖలో డాబాగార్డెన్స్ సందులో చాలాకాలం గేమ్ పార్లర్ నడిపాను. మా బాబాయి షిప్‌లో పనిచేసేవాడు, నింటెండో 64నీ ఈ ఆటనీ సింగపూర్ నుంచి తెచ్చాడు. ఆట 1998 నవంబరులో విడుదలైంది, మా దగ్గరికి చేరేసరికి కాస్త ఆలస్యమైంది. కుర్రాళ్ళు గంటకింత అని కట్టి ఆడేవాళ్ళు. గంట లెక్క కాబట్టి దారి తప్పి తిరగడానికి ఎవరికీ ఓపిక ఉండేది కాదు. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది వాళ్ళ పక్కన కూర్చునే నాకు వంటబట్టింది.

మీరిప్పుడు ఆగిన చోటే దాదాపు అందరూ ఆగేవాళ్ళు. గాజువాక నుంచి వచ్చే ఒక కుర్రాడైతే కత్తి లాగి, ఆ పెద్ద సీన్ అంతా చూసి, గుడి బయటికొచ్చి రీడెడ్‌లను, అంటే నడిచే శవాల్లాంటివాటిని, చూడగానే నా వైపు తిరిగి "ఏటన్నా, కేసెట్ పాడైపోనాదా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే స్విచ్ ఆపేసి, కేసెట్ బయటికి లాగి, అడుగున ఊది, మళ్ళీ పెట్టాడు. సేవ్ చేసుకోలేదు మరి! మూడో రాయి దగ్గర్నుంచి మళ్ళీ ఆడాల్సి వచ్చింది. వాణ్ణి తప్పు పట్టడానికీ లేదు. అంతసేపూ జనంతో, కుక్కలతో, మాస్కుల దుకాణంతో కళకళలాడిన వీధి ఒక్క క్షణంలో అలా మారిపోతే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ మర్నాడు తలుపు తీసి మా వీధి చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఇళ్ళు అవే, మలుపులు అవే, కానీ చెట్లు లేకపోయేసరికి అది మా వీధేనా అని నిలబడిపోయాను.

సరే, ఇప్పుడు వరసగా ఏం చేయాలో చెబుతాను.

సంతలో ఆగకండి. రీడెడ్‌లతో పోరాడి వచ్చేదేం లేదు. దగ్గరికెళితే అవి చూసే చూపుకి లింక్ బిగుసుకుపోతాడు, మీద ఎక్కి పట్టుకుంటాయి. వాటికి దూరంగా అంచు వెంబడి పరుగెత్తి ఊరి బయటికి వెళ్ళిపోండి. చిన్నప్పుడు కకరికో ఊరి శ్మశానంలో రాజకుటుంబం సమాధిలో 'సన్స్ సాంగ్' నేర్చుకుని ఉంటే అది వాయించండి, కాసేపు కదలకుండా నిలబడిపోతాయి. నేర్చుకోకపోయినా ఫర్వాలేదు, ఆ సమాధి పెద్దయ్యాక కూడా తెరుచుకుంటుంది.

నేరుగా కకరికోకి వెళ్ళండి. షీక్ చెప్పింది కూడా అదే, కానీ ఆ హడావుడిలో చాలామంది ఆ మాట వినకుండానే దాటేస్తారు. ఊరు కోల్పోయిన సంత జనం ఇప్పుడు ఇక్కడ తలదాచుకున్నారు. దుకాణాలు కూడా ఇక్కడికే వచ్చేశాయి. మీ దగ్గర హైలియన్ షీల్డ్ లేకపోతే ఇక్కడి బజారులో 80 రూపీలకు (ఆటలోని డబ్బు) దొరుకుతుంది. చిన్నప్పటి డెకు షీల్డ్ పెద్ద లింక్ చేతికి రాదు. అలాగే స్లింగ్‌షాట్, బూమరాంగ్, కర్రలు కూడా ఇప్పుడు పనిచేయవు. వాటిని మీ నుంచి ఎవరూ లాక్కోలేదు, చిన్నవాడిగా మారగానే మళ్ళీ చేతికొస్తాయి. బాంబులు, సీసాలు, ఆకరీనా, డిన్స్ ఫైర్ లాంటి మ్యాజిక్ మాత్రం రెండు వయసుల్లోనూ పనిచేస్తాయి.

ఊళ్ళోనే ఒక ఇంట్లో టాలన్ పడుకుని కనిపిస్తాడు. మాలన్ వాళ్ళ నాన్న, రాంచ్ యజమాని. ఇంగో వాణ్ణి వెళ్ళగొట్టి రాంచ్ తన చేతిలోకి తీసుకున్నాడు. మీ గుర్రం గొడవంతా అక్కణ్ణుంచే మొదలవుతుంది, దాని సంగతి కాస్త ఆగి చెబుతాను.

కకరికో శ్మశానంలో డాంపే సమాధి వెతకండి. మీరు చిన్నప్పుడు చూసిన కాటికాపరే, ఈ ఏడేళ్ళలో చనిపోయాడు. రాయిని వెనక్కి లాగి కిందికి దిగితే వాడి దెయ్యం పరుగుపందేనికి పిలుస్తుంది. వాడు వెనక్కి నిప్పు విసురుతూ పోతాడు, తలుపులు మూసుకుపోయేలోపు వాడి వెనకే ఉండాలి. చివరిదాకా వెంటాడితే హుక్‌షాట్ ఇస్తాడు, దూరంగా ఉన్నదానికి గొలుసు విసిరి అక్కడికి లాక్కునిపోయే కొక్కెం అది. ఇది లేకుండా ఫారెస్ట్ టెంపుల్ గుమ్మం కూడా ఎక్కలేరు. ఇంకోసారి పరుగెత్తి నిమిషంలోపు పూర్తి చేస్తే ప్రాణం పెంచే హార్ట్ పీస్ వస్తుంది. అది ఇప్పుడే కావాలని లేదు.

ఇక్కడొక పని మాత్రం తప్పకుండా చేయండి, ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. హుక్‌షాట్ తీసుకున్నాక బయటికి పోయే దారిలో నీలి రంగు రాయి అడ్డంగా ఉంటుంది. దాని ముందు, టెంపుల్ ఆఫ్ టైమ్ తలుపు తెరిచిన 'సాంగ్ ఆఫ్ టైమ్' వాయిస్తే మాయమై, దారి నేరుగా గాలిమర లోపల తేలుతుంది. అక్కడ పాటల పెట్టె తిప్పుతూ ఒకాయన కోపంతో ఊగిపోతుంటాడు. ఏడేళ్ళ కిందట ఎవడో కుర్రాడొచ్చి ఒక పాట వాయించి తన గాలిమరని పాడుచేశాడట. ఆయన ముందు ఆకరీనా తీయండి, ఆ పాట మీకు వినిపిస్తాడు. అదే 'సాంగ్ ఆఫ్ స్టార్మ్స్'. ఆ కుర్రాడు ఎవరనుకుంటున్నారు? తర్వాత మీరే చిన్నవాడిగా మారి ఇదే గాలిమరలో ఈ పాటే వాయించబోతున్నారు. మరి ఈ పాటని మొదట కట్టిందెవరు? ఆయన మీ దగ్గర విన్నాడు, మీరు ఆయన దగ్గర నేర్చుకున్నారు. మా పార్లర్లో దీని మీద జరిగినంత వాదన క్రికెట్ మీద కూడా జరగలేదు. తేలింది మాత్రం లేదు.

గాలిమర నుంచి బయటికి రాగానే కోడిపిల్లల అమ్మాయి గుడ్డు ఇస్తానంటే తీసుకోండి. అది బిగోరాన్ కత్తి దాకా పోయే పెద్ద మార్పిడి వరసకి మొదలు. దాని వెనక ఇప్పుడు పడకండి.

ఇక అడవి.

నన్నడిగితే ఆటలో అసలు మలుపు కత్తి లాగిన సీన్ కాదు, అడవిలోకి తిరిగి అడుగుపెట్టడం. లింక్ పుట్టి పెరిగాడనుకున్న ఊరు అది. లోపలికెళితే దారి పొడవునా రాకాసి మొక్కలు, నీళ్ళలో ఆక్టోరాక్‌లు, బయట ఒక్క పిల్ల కూడా లేదు. అందరూ ఇళ్ళలో దాక్కున్నారు. ప్రతి ఇంటికీ వెళ్ళి పలకరించండి. కొకిరి పిల్లలు ఎన్నేళ్ళయినా ఎదగరు కదా, వాళ్ళు అప్పటిలాగే ఉన్నారు. మీరు మాత్రం ఎదిగిపోయారు, ఒక్కరూ గుర్తుపట్టరు. మిమ్మల్ని బయటివాడిగానే చూస్తారు. లాస్ట్ వుడ్స్‌లో మీడో దారికి అడ్డంగా నిలబడి ఉంటాడు. చిన్నప్పుడు మిమ్మల్ని ఏడిపించిన మీడోనే. 'సారియాస్ సాంగ్' వాయిస్తే పక్కకి తప్పుకుంటాడు. కొండ మీది గోరాన్ జాతి పెద్దని నవ్వించడానికి ఈ పాట మీరు ముందే నేర్చుకున్నారు కాబట్టి దీనికి టెన్షన్ అక్కర్లేదు. మీడోని దాటేసి మర్చిపోకండి, మళ్ళీ కనిపించినప్పుడల్లా మాట్లాడండి. లింక్ ఎక్కడైనా కనిపిస్తే తను చేసినదానికి బాధపడుతున్నానని చెప్పమంటాడు. ఎదురుగా ఉన్నది లింకేనని వాడికి తెలియదు.

ఇది చూస్తే పీఠాన్ని ఎందుకు బిగించి పెట్టారో అర్థమవుతుంది. మొదటి నిమిషం నుంచే వెనక్కి వెళ్ళే వీలుంటే మనలో ఎవరం అక్కడ ఉంటాం? సంతని చూడగానే కత్తి పెట్టేసి పారిపోతాం. పాడైన లోకంలో ఒక మూలనైనా బాగు చేశాకే తిరుగు దారి ఇస్తారు, ఆ మూల కూడా మనిల్లే. ఇది నా ఊహే అనుకోండి, కానీ వరస చూస్తే ఇంకోలా అనిపించదు. దిగులుగా ఉంది, ఆపేయాలనిపిస్తోందని రాశారు కదా. అది మీకొక్కరికే కాదు, ఆ దిగులు పుట్టాలనే కట్టారు. గుడి పూర్తయ్యాక అడవి ఎలా మారుతుందో నేను చెప్పను, మీరే చూడండి. డెకు చెట్టు దగ్గర ఇంకో సంగతి కూడా తెలుస్తుంది, అదీ నేను చెప్పను.

లాస్ట్ వుడ్స్ దాటాక సేక్రెడ్ ఫారెస్ట్ మెడోలో ఈటెలు పట్టుకున్న మాబ్లిన్‌లు కాపలా ఉంటాయి. మలుపు దగ్గర ఆగి, అవి వెనక్కి తిరిగినప్పుడే కదలండి. ఎదురుగా పడితే పొడిచి విసిరేస్తాయి. చివర్లో దుడ్డుకర్రతో నేలని బాదేవాడు వస్తాడు. ఆ దెబ్బకి అలలా వచ్చేదాన్ని పక్కకి తప్పించుకుంటూ దగ్గరికెళ్ళాలి. అది దాటితే షీక్ 'మినుయెట్ ఆఫ్ ఫారెస్ట్' నేర్పిస్తాడు. విరిగిన మెట్ల పైన చెట్టు కొమ్మకి హుక్‌షాట్ కొట్టి లోపలికి వెళ్ళండి.

గుడి లోపల గదుల వారీగా చెప్పను, చెబితే మీరు ఆడేదేముంటుంది? ఎక్కువమంది ఇరుక్కునే చోట్లు మాత్రం చెబుతాను.

మొట్టమొదటి గదిలోనే ఒక తాళంచెవి ఉంది, ద్వారం దగ్గరి చెట్టు ఎక్కితే పైన పెట్టెలో దొరుకుతుంది. దాన్ని వదిలేసి లోపల ఒక తాళం తక్కువైందని తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్ళు ఎంతమందో. మెలితిరిగిన వరండా కనిపిస్తే అది బొమ్మలో లోపం కాదు. కంటి ఆకారంలో ఉన్న స్విచ్‌ని బాణంతో కొడితే తిన్నగా అవుతుంది, మళ్ళీ కొడితే మెలి పడుతుంది. ఏ రూపంలో ఉన్నప్పుడు ఏ గదికి తలుపు వస్తుందో గుర్తుపెట్టుకోవడమే సగం గుడి. విల్లు కూడా ఇక్కడే దొరుకుతుంది. నడుస్తుంటే మీ చుట్టూ నేల మీద నీడ పెద్దదవుతుంటే నిలబడకండి. పైనుంచి వాల్‌మాస్టర్ చెయ్యి దిగుతోందన్నమాట. పట్టుకుంటే గుడి మొదట్లో పడేస్తుంది.

పో అనే దెయ్యాలు నలుగురు అక్కచెల్లెళ్ళని ఓడిస్తే నడి హాల్లో నాలుగు దీపాలు మళ్ళీ వెలుగుతాయి, కిందికి లిఫ్ట్ వస్తుంది. ఇద్దరు పటాల్లో దాక్కుంటారు, బాణంతో పటాన్ని కొట్టాలి. దగ్గరికెళితే పటంలోంచి మాయమైపోతారు కాబట్టి దూరం నుంచే కొట్టండి. ఊదారంగు మెగ్ నలుగురిగా చీలి మీ చుట్టూ తిరుగుతుంది. వాళ్ళలో ఒకత్తే గిర్రున ఒక చుట్టు తిరుగుతుంది, అదే అసలు మెగ్. ఆఖర్న ఫాంటమ్ గేనన్. గోడల మీద పటాల్లోంచి గుర్రం మీద వస్తాడు. రెండు పటాల్లో ఒకేసారి కనిపిస్తే కంగారు పడకండి, ఒకడు చివరి క్షణంలో వెనక్కి తిరిగిపోతాడు. వెనక్కి తిరగనివాణ్ణి బాణంతో కొట్టండి. గుర్రం దిగాక వాడు విసిరే వెలుగు బంతిని కత్తితో తిప్పికొట్టాలి. ఖాళీ సీసాతో కూడా తిప్పికొట్టొచ్చు. మా పార్లర్లో కత్తితో కొట్టేవాణ్ణి ఎవరూ లెక్కచేసేవారు కాదు, సీసాతో కొడితేనే మొనగాడు. వెళ్ళేముందు ఇంకో సీసాలో ఒక ఫెయిరీని పట్టి పెట్టుకోండి, ప్రాణం పోయినప్పుడు అదే బతికిస్తుంది.

గుడి అయ్యాక టెంపుల్ ఆఫ్ టైమ్‌కి వెళ్ళి, షీక్ నేర్పే పాట నేర్చుకుని, కత్తి పీఠంలో పెట్టండి. ఇప్పుడు మీ బాకీ పనులు. రాంచ్‌కి వెళ్ళి మాలన్ ముందు ఆకరీనా తీస్తే ఎపోనా పాట నేర్పిస్తుంది. జోరా నది మొదట్లో కూర్చున్న గింజలవాడి దగ్గర గింజలు కొనండి. వాడు ప్రతి గింజకీ 10 రూపీలు పెంచుకుంటూ పోతాడు: మొదటిది 10, పదోది 100, అన్నీ కలిపి 550. నన్నడిగితే పది కొనకపోయినా నష్టం లేదు, దారిలో మెత్తటి మట్టి కనిపించినప్పుడు నాటడానికి రెండు మూడు ఉంటే చాలు. నాటేది చిన్నవాడు, ఎదిగిన ఆకు మీద ఎగిరేది పెద్దవాడు.

మళ్ళీ పెద్దవాడిగా మారి పగటి పూట రాంచ్‌కి వెళ్ళండి. ఇంగోకి 10 రూపీలిస్తే గుర్రం ఎక్కనిస్తాడు. ముందు పాట వాయించి ఎపోనాని దగ్గరికి రప్పించండి, ఎక్కండి, దాని మీద నుంచే ఇంగోతో మాట్లాడండి. 50 రూపీల పందెం కాస్తాడు. గెలిస్తే ఉడికిపోయి ఇంకోసారి అంటాడు, ఈసారి ఎపోనానే పందెం. లోపలి అంచు పట్టుకుని, వాడికి దారివ్వకుండా, క్యారెట్లు (గుర్రాన్ని ఉరికించినప్పుడల్లా తరిగేవి) ఒకేసారి అయిపోకుండా చూసుకుంటే గెలుస్తారు. గెలిచాక గుర్రం నీదే గాని బయటికి ఎలా పోతావో చూస్తానని గేటు మూసేస్తాడు. కంగారేమీ లేదు, వేగంగా పరిగెత్తించి ప్రహరీ మీదుగా దూకించేయండి.

ముందు ముందు చిన్నవాడిగా మారక తప్పని చోట్లు రెండున్నాయి. షాడో టెంపుల్‌కి ముందు కకరికో బావి అడుక్కి దిగి దాగినవి చూపించే లెన్స్ ఆఫ్ ట్రూత్ తేవాలి. బావిలో నీళ్ళు ఇంకాలంటే గాలిమరలో ఆ తుఫాను పాట వాయించాలి, అందుకే దాన్ని ఇప్పుడే నేర్చుకోమన్నాను. స్పిరిట్ టెంపుల్ అయితే సగం చిన్నవాడిగా, సగం పెద్దవాడిగా ఆడాలి. మిగతావన్నీ మీ ఇష్టం.

సేవ్ గురించి ఒక మాట. గుడుల బయట పెద్దవాడిగా సేవ్ చేస్తే, మళ్ళీ ఆట పెట్టినప్పుడు ఎప్పుడూ టెంపుల్ ఆఫ్ టైమ్‌లోనే లేస్తారు. చిన్నవాడైతే లింక్ ఇంట్లో. గుడి లోపల సేవ్ చేస్తే ఆ గుడి ద్వారం దగ్గర. పోయిన దారంతా మళ్ళీ నడవాలని చిరాకొస్తే స్విచ్‌లో సస్పెండ్ పాయింట్ (ఉన్న చోటే ఆటని ఆపి దాచుకునేది) వాడుకోండి. పాత కేసెట్ మీద ఆడేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ ఆట సేవ్‌లు లోపలున్న చిన్న బ్యాటరీ మీదే నిలబడతాయి. ఇన్నేళ్ళకి అది అయిపోయి ఉండొచ్చు. ఆడటం మొదలుపెట్టే ముందే మార్పించుకోండి. టంకం పని తెలిసినవాళ్ళకి పెద్ద పనేమీ కాదు.

వాటర్ టెంపుల్ గురించి కూడా భయపడుతూ రాశారు. నిజంగా కష్టమైనదేం కాదు, విసుగు పుట్టించేది. మీ వెర్షన్‌లో ఇనుప బూట్లు వేసి తీయడానికి ప్రతిసారీ మెనూలోకి పోవాలి. 2011లో నింటెండో చేతి మెషిన్ 3డీఎస్‌కి తెచ్చినప్పుడు దాన్ని బటన్ మీద పెట్టారు, మీకు ఆ సుఖం లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నడి గోపురంలో నీళ్ళు మధ్య మట్టానికి పెంచాక, పైకి తేలిన దిమ్మె కింద ఒక గొయ్యి బయటపడుతుంది, అందులోంచి దిగితే తాళంచెవి ఉంది. వాటర్ టెంపుల్‌లో ఒక తాళంచెవి తక్కువైందని నా దగ్గరికొచ్చిన వాళ్ళలో చాలామందికి దొరకనిది అదే.

ఫారెస్ట్ టెంపుల్‌లో ఎక్కడైనా ఆగిపోతే ఏ గదిలో ఉన్నారో, దీపాలు ఎన్ని వెలిగాయో, చేతిలో తాళంచెవులు ఎన్నున్నాయో రాయండి. ఆ మూడూ తెలిస్తే ఏది వదిలేశారో చెప్పేయొచ్చు.